లిథియం గని గొడవ మీద తెవికీలో రాసేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మేం ఏడెనిమిది మందిమి ఆదివారం పొద్దున ఒకచోట చేరి తెలుగు వికీపీడియాలో, అంటే తెవికీలో, రాస్తుంటాం. యూనివర్సిటీ పిల్లలు, రిటైరైన ఇద్దరు అయ్యవార్లు, ఏర్పేడు నుంచి బస్సెక్కి వచ్చే ఒక రీసెర్చ్ స్కాలర్, నేను. ఈమధ్య అమెరికాలోని థాకర్ పాస్ లిథియం గని మీద వ్యాసం చేపట్టాం. గొడవ ఉన్న విషయం మీద రాయడం ఊరి చరిత్రో, సినిమా పేజీయో రాసినట్టు కాదని మొదటి వారంలోనే అర్థమైంది. కొత్తగా వచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట ఉంటే మేలని ఇవి రాస్తున్నాను. గని మీద కాకుండా డ్యామ్ మీదో, పోర్టు మీదో, ఇసుక తవ్వకం మీదో రాసేవాళ్ళకు కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ఎక్కడో నెవాడాలో ఉన్న గని మీద తిరుపతిలో కూర్చుని ఎందుకు రాయాలి?

అలిపిరి నుంచి కొండెక్కే ఎలక్ట్రిక్ బస్సులో ఉండేది లిథియం బ్యాటరీ. 2022 సెప్టెంబరులో ఆ బస్సులు మొదలైన నెలలోనే తిరుపతి పక్కన ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో లిథియం సెల్స్ ట్రయల్ ఉత్పత్తి కూడా మొదలైంది. దేశంలో ఇలాంటి కర్మాగారం ఇదే మొదటిదని కేంద్ర ప్రభుత్వం అప్పుడు ప్రకటించింది. మనం వాడుతున్నాం, మన పిల్లలు ఆ ఫ్యాక్టరీల్లో చేరుతున్నారు. ఆ లోహం ఏ నేల నుంచి వస్తుంది, అక్కడివాళ్ళు ఏమంటున్నారు అని తెలుగులో వెతికితే మాత్రం నాలుగు వాక్యాల వార్త తప్ప దొరకదు. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని దగ్గర నీళ్ళ గురించి జరిగిన వాదన గుర్తున్నవాళ్ళకు నెవాడా వాదన కొత్తగా అనిపించదు.

అసలు అక్కడి గొడవ ఏమిటి?

ఉత్తర నెవాడాలో హంబోల్ట్ కౌంటీ ఉంది. దాని ఉత్తరపు కొసన, ఆరెగన్ సరిహద్దు దగ్గర, సుమారు 1 కోటి 60 లక్షల ఏళ్ళ కిందటి అగ్నిపర్వత బిలం ఉంది. పేరు మెక్‌డెర్మిట్ కాల్డెరా. ఆ బిలం దక్షిణపు అంచున ఉన్నదే థాకర్ పాస్. అక్కడి బంకమట్టిలో లిథియం ఉంది. పైనుంచి తవ్వి, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మట్టిలోంచి లిథియం బయటికి తీసి, కార్బొనేట్ చేయాలని లిథియం అమెరికాస్ అనే కంపెనీ ప్రణాళిక.

నేల కేంద్ర ప్రభుత్వానిది. దాన్ని చూసుకునే భూ నిర్వహణ శాఖ బీఎల్‌ఎం 2021 జనవరి 15న, ట్రంప్ మొదటి హయాం ముగియడానికి 5 రోజుల ముందు, అనుమతి ఇచ్చింది. అదే రోజు అక్కడ నిరసన శిబిరం వెలిసింది. ఆ తర్వాతి నెలలో పశువులు మేపుకునే ఒక రైతు కోర్టుకెక్కాడు, పర్యావరణ సంస్థలు కూడా వెళ్ళాయి. కొన్ని ఆదివాసీ తెగలు అదే ఏడాది కేసులో చేరాయి. 2023 మార్చిలో నిర్మాణం మొదలైంది. అదే ఏడాది జనవరిలోనే జనరల్ మోటార్స్ 65 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. 2024 అక్టోబరులో అమెరికా ఇంధన శాఖ 226 కోట్ల డాలర్ల రుణ ఒప్పందం పూర్తిచేసింది.

వ్యాసానికి వెన్నెముక ఇదే. తేదీలు వరసగా పెట్టుకున్నాకే మిగతాది మొదలుపెట్టండి. తేదీల మీద పెద్దగా ఎవరూ గొడవపడరు, కాబట్టి కాళ్ళు ఆనడానికి చోటు దొరుకుతుంది.

వ్యాసం పేరు ఏమని పెట్టాలి?

‘థాకర్ పాస్ లిథియం గని’ అని పెట్టాం. పాస్ అంటే కనుమ, మన భాకరాపేట కనుమ లాంటిదే. అయినా ‘థాకర్ కనుమ’ అని పెడితే ఎవరూ వెతకరు కాబట్టి దాన్ని దారిమార్పుగా (ఆ పేరుతో వెతికినా ఈ వ్యాసానికే చేర్చే లింకుగా) ఉంచి, అర్థం మొదటి పేరాలో చెప్పాం. పాయూట్ తెగవాళ్ళు ఆ చోటును పీహీ ముహా అంటారు, కుళ్ళిన చంద్రుడు అని అర్థం. ఆ పేరు మొదటి పేరాలోనే ఉండాలా, కిందికి పోవాలా అని మాలో మాకే అరగంట చర్చ నడిచింది. మొదటి పేరాలోనే ఉంచాం. కంపెనీ కంటే, సర్వే మ్యాపు కంటే ముందు నుంచి వాడుకలో ఉన్న పేరు అది.

అనువాద పరికరంతో ఇంగ్లీషు వ్యాసాన్ని తెచ్చేస్తే తొందరగా అయిపోతుంది కదా?

తొందరగా అవుతుంది. తర్వాత దాన్ని బాగుచేయడానికి మూడింతల టైమ్ పడుతుంది. తెవికీకి ఈ అనుభవం పాతదే. ఒకప్పుడు గూగుల్ అనువాద ప్రాజెక్టు కింద వచ్చిపడ్డ వ్యాసాలను చదవలేక, సరిచేయలేక, చివరికి చాలావాటిని తొలగించాల్సి వచ్చింది.

ఈ వ్యాసంలో అయితే ఇంకో ప్రమాదం ఉంది. మా దగ్గర బీఎస్సీ చదివే ఒక అమ్మాయి యంత్రం ఇచ్చిన పేరాను గట్టిగా చదువుతూ మధ్యలో ఆగింది. “అక్కా, నెవాడాలో మనవాళ్ళు కూడా కేసు వేశారా?” అంది. స్క్రీన్ మీద ‘రెనో-స్పార్క్స్ భారతీయ కాలనీ’ అని ఉంది. అది రెనో-స్పార్క్స్ ఇండియన్ కాలనీ, ఆదివాసీ తెగల అధికారిక సమాజం పేరు. పేరును పేరులాగే ఉంచి, పక్కన ‘ఆదివాసీ తెగల సమాజం’ అని ఒక మాట చేరిస్తే చాలు.

‘రిజర్వేషన్’ కూడా అలాంటిదే. తెలుగులో ఆ మాట వినగానే ఉద్యోగాలు, సీట్లు గుర్తొస్తాయి. అక్కడ దాని అర్థం తెగకు కేటాయించిన భూమి. అలాగే రాయండి. ‘మైనింగ్ క్లెయిమ్’ను యంత్రం ‘మైనింగ్ దావా’ అంటుంది. చదివినవాళ్ళు కోర్టు కేసు అనుకుంటారు. అమెరికాలో 1872 నాటి గనుల చట్టం ఉంది. ప్రభుత్వ భూమిలో ఖనిజం కనిపెట్టినవాళ్ళు హద్దులు పాతి, నమోదు చేసుకుని తవ్వుకునే హక్కు పొందొచ్చు. ఆ హక్కే క్లెయిమ్. మన దేశంలో 1957 గనులు, ఖనిజాల చట్టం కింద లీజు ఇచ్చే పద్ధతి వేరు. ఈ తేడా రెండు వాక్యాల్లో చెప్పకపోతే తెలుగు పాఠకుడికి కోర్టు తీర్పు ఒక్క ముక్క కూడా అర్థం కాదు.

గని ఎంత పెద్దదో చెప్పడానికి ఏ అంకె వాడాలి? ఒక్కోచోట ఒక్కోలా ఉంది.

అంకెలన్నీ నిజమే కావచ్చు, అవి చెప్పేది ఒకే వస్తువు గురించి కాకపోవచ్చు. చిత్తూరోళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తోతాపురి కాయ టన్ను వేరు, పల్ప్ టన్ను వేరు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాయ ధర అడిగినవాడికి పల్ప్ ధర చెబితే ఏమవుతుందో, లిథియం విషయంలోనూ అదే అవుతుంది.

ఇక్కడ మూడు రకాల టన్నులున్నాయి: తవ్విన మట్టి, అందులోని లిథియం లోహం, చివరికి అమ్మే లిథియం కార్బొనేట్. కార్బొనేట్ 100 కిలోలు తూస్తే అందులో లిథియం సుమారు 18.8 కిలోలే. థాకర్ పాస్ మొదటి దశ సామర్థ్యం ఏడాదికి 40,000 టన్నులు అంటే అది కార్బొనేట్ లెక్క. లోహం లెక్కలో సుమారు 7,500 టన్నులు. ‘ఏడాదికి 40,000 టన్నుల లిథియం’ అని రాస్తే గనిని అయిదింతలు పెంచినట్టు.

మన దేశపు గనుల మీద వార్తల్లో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. 2023 ఫిబ్రవరిలో జమ్మూ కాశ్మీర్‌లోని రియాసీ జిల్లాలో 59 లక్షల టన్నులు దొరికాయని పెద్ద వార్త వచ్చింది. ఆ అంకె జీ3 దశ అన్వేషణది. అన్వేషణ మెట్లు జీ4తో మొదలై జీ1 దాకా పోతాయి. జీ3 అంటే ప్రాథమిక అంచనా. అది వనరు, నిల్వ కాదు. లాభసాటిగా తవ్వొచ్చని తేలాకే నిల్వ అనాలి. తెలుగు పత్రికలు రెంటినీ ‘నిక్షేపాలు’ అనేస్తాయి, మనం అనకూడదు. ఆ బ్లాకు వేలానికి కావలసినంత మంది ముందుకు రాక 2024లో వేలం రద్దయింది. ఆ వార్త మొదటి వార్తలో పదోవంతు మందికైనా చేరి ఉండదని నా అనుమానం. వ్యాసంలో రెండూ పక్కపక్కనే ఉండాలి.

కర్ణాటకలోని మండ్య సంగతి చూడండి. 2020లో 14,100 టన్నులని వార్తలొచ్చాయి. తర్వాత అణు ఖనిజాల అన్వేషణ సంస్థ లెక్క 1,600 టన్నులని ప్రభుత్వం చెప్పింది. ఇలాంటప్పుడు పాత అంకెను చెరిపెయ్యొద్దు. ఫలానా ఏడాది ఫలానావారు ఇంత అన్నారు, ఆ తర్వాత ఫలానా సంస్థ ఇంత అంది అని రాయండి. పాత అంకె ఎక్కడో చదివి వచ్చిన పాఠకుడికి ఆ అంకె సంగతి ఏమైందో తెలియాలి.

కొన్నిసార్లు కూర్చుని గుణించి చూస్తే తప్ప తేలదు. తిరుపతి సెల్ కర్మాగారం సామర్థ్యం 270 మెగావాట్-అవర్, రోజుకు 10 ఆంపియర్-అవర్ సెల్స్ 20,000 అని ప్రకటించారు. 270 రోజుకా, ఏడాదికా? మా గుంపులో పెద్దాయన, లెక్కల అయ్యవారు, కాగితం తీసుకున్నారు. ఒక సెల్ వోల్టేజీ సుమారు 3.7. పదితో గుణిస్తే 37 వాట్-అవర్. దాన్ని 20,000తో గుణిస్తే 740 కిలోవాట్-అవర్, అది ఒక రోజుకు. 365తో గుణిస్తే 270 మెగావాట్-అవర్. కాబట్టి అది ఏడాది అంకె. రెండు నిమిషాల పని. ఆయన పెన్ను మూత పెట్టేలోపే ఒక తప్పు వాక్యం వ్యాసంలోకి రాకుండా ఆగిపోయింది.

నీళ్ళ లెక్క ఎకరా-అడుగుల్లో ఉంది. టీఎంసీల్లోకి మార్చొచ్చా?

మార్చొచ్చు, మార్చాలి కూడా. ఎకరా నేల మీద ఒక అడుగు లోతున నిలిచే నీళ్ళే ఒక ఎకరా-అడుగు. గని రెండో దశలో ఏడాదికి 5,200 ఎకరా-అడుగుల నీళ్ళు కావాలని ప్రభుత్వ పర్యావరణ నివేదికలో ఉంది. అంటే దాదాపు 0.23 టీఎంసీ. మూలంలోని అంకె ముందు రాసి, మార్చిన అంకె పక్కన పెట్టండి.

ఇది వికీపీడియా ఒప్పుకోని సొంత పరిశోధన కిందికి రాదు, మామూలు కూడికలు, గుణకారాలే. అయితే ‘కండలేరులో పట్టే 68 టీఎంసీలతో పోలిస్తే ఇది చాలా తక్కువ’ అని రాశారనుకోండి, అది మీ వాదన అవుతుంది. వాన పడని ఆ లోయలో 0.23 టీఎంసీ ఎక్కువా తక్కువా అన్నదే కదా అక్కడి గొడవ! నీళ్ళ గురించి రాయలసీమలో పుట్టినవాళ్ళకు ఇంతకంటే చెప్పాలా.

రెండు పక్షాలకూ చెరి సగం చోటిస్తే తటస్థంగా ఉన్నట్టేనా?

ముందు, పక్షాలు రెండే అని ఎవరు చెప్పారు? కొత్తగా రాసేవాళ్ళంతా మొదటి రోజు రాసే వాక్యం ఇది: ‘ఆదివాసీలు గనిని వ్యతిరేకిస్తున్నారు’. కొందరు వ్యతిరేకించారు, నిజమే. గనికి దగ్గర్లో ఉన్న ఫోర్ట్ మెక్‌డెర్మిట్ పాయూట్, షోషోన్ తెగ 2022 అక్టోబరులో కంపెనీతో సమాజ ప్రయోజనాల ఒప్పందం మీద సంతకం చేసింది. ఆ తెగలోని మనుషులే కొందరు వ్యతిరేక ఉద్యమంలో ఉన్నారు. ఒక ఊళ్ళో పంచాయతీ తీర్మానం ఒకటి, వీధి మాట ఇంకొకటి కావడం మనం చూడనిదా?

కాబట్టి తెగ పేరు రాయండి. ఏడాది రాయండి. తెగ పాలకమండలి నిర్ణయమా, తెగలోని ఒక బృందం మాటా అని విడదీసి రాయండి. ‘పర్యావరణవేత్తలు’ అన్న మాటనూ అలాగే విప్పాలి. అడవి జంతువుల కోసం కేసు వేసినవాళ్ళూ పర్యావరణవేత్తలే, పెట్రోలు పోయి బ్యాటరీ రావాలని గనిని సమర్థించేవాళ్ళూ పర్యావరణవేత్తలే. ఇంతా విడదీశాక ఎవరికెన్ని లైన్లు అన్న ప్రశ్న దానంతటదే చిన్నదైపోతుంది. నమ్మదగిన మూలాలు దేని గురించి ఎంత రాశాయో అంత చోటివ్వండి.

‘కోర్టు గనికి అనుమతి ఇచ్చింది’ అని రాయొచ్చా?

రాయకూడదు. అనుమతి ఇచ్చింది బీఎల్‌ఎం. ఆ అనుమతి చట్టప్రకారం ఉందా లేదా అన్నదే కోర్టు చూసింది. 2023 ఫిబ్రవరి 6న నెవాడా ఫెడరల్ జిల్లా కోర్టు న్యాయమూర్తి మిరాండా డూ ఇచ్చిన తీర్పులో రెండు ముక్కలున్నాయి. బీఎల్‌ఎం ప్రక్రియ చాలావరకు చట్టబద్ధంగానే జరిగిందన్నది మొదటిది. తవ్వి తీసిన రాయి, వ్యర్థం పోయడానికి వాడే సుమారు 1,300 ఎకరాల మీద కంపెనీకి 1872 చట్టం కింద హక్కు ఉందో లేదో బీఎల్‌ఎం సరిగా తేల్చలేదు, మళ్ళీ చూడాలి అన్నది రెండోది. అయితే అనుమతిని కొట్టేయలేదు. ఆ ఏడాది జులైలో అప్పీళ్ళ కోర్టు ఈ తీర్పును సమర్థించింది.

కంపెనీ వైపువాళ్ళు మొదటి ముక్క మాత్రమే పెడతారు, వ్యతిరేకులు రెండోదే పెడతారు. ఎవరూ అబద్ధం రాయలేదు, అయినా వ్యాసం అబద్ధం చెబుతుంది. మూడు వాక్యాలు పట్టినా మొత్తం రాయండి. తీర్పు ‘గని మంచిదే’ అని గానీ, ‘చెడ్డది’ అని గానీ ఎక్కడా అనలేదు.

మావాళ్ళు నా వాక్యాల్లో తరచూ చివరి మాట మారుస్తున్నారు. ఎందుకు?

నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. మనం ఎవరిని నమ్ముతున్నామో ఆ క్రియలో బయటపడిపోతుంది.

మన పత్రికలు చదివీ చదివీ కొన్ని జతలు చేతికి అలవాటైపోయాయి. అధికారులు ‘స్పష్టం చేస్తారు’. కంపెనీ ‘వెల్లడిస్తుంది’. రైతులు ‘వాపోతారు’. ఉద్యమకారులు ‘ధ్వజమెత్తుతారు’, ‘ఆరోపిస్తారు’. స్పష్టం చేశారు అనగానే విషయం ముందే నిజం, వాళ్ళు దాన్ని తేటపరిచారంతే అన్న అర్థం వచ్చేస్తుంది. వాపోయారు అనగానే కన్నీళ్ళు తప్ప లెక్కలు లేవు అన్నట్టుంటుంది. నెవాడాలో కోర్టుకెక్కిన రైతు భూగర్భ జలమట్టం గురించి, తన బావుల గురించి నిపుణుల నివేదికలతో వాదించాడు. అతను వాపోలేదు.

మేం పాటించేది ఒకటే. అందరికీ ‘అన్నాడు’, ‘చెప్పింది’, ‘పేర్కొంది’. కోర్టులో అయితే ‘వాదించింది’. నిజంగా ఒక నేరం మోపినప్పుడు మాత్రమే ‘ఆరోపించింది’. ఒకసారి మొదటి ప్రతిలోని క్రియలన్నీ కాగితం మీద రెండు వరసలుగా రాసి చూశాం. కంపెనీ వరసలో ‘తెలిపింది’, ‘వివరించింది’, ‘ధ్రువీకరించింది’ అని ఉన్నాయి. తెగల వరసలో ‘మండిపడింది’, ‘ఆవేదన చెందింది’, ‘ఆరోపించింది’. రాసినవాళ్ళకు ఏ దురుద్దేశమూ లేదు. గనిని వ్యతిరేకించే పిల్లవాడు రాసిన పేరాలోనే ఇవి ఎక్కువ కనిపించాయి. వాడు ఆ కాగితం చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

గౌరవ వాచకాలూ ఇలాంటివే. న్యాయమూర్తి ‘గారు’, మంత్రి ‘ఆయన’, నిరసనకారుడు ‘అతడు’ అని రాస్తే పక్షం తేలిపోయినట్టే. తెవికీలో అందరికీ ఏకవచనం వాడే పద్ధతి ఉంది. మొదట్లో నాక్కూడా అది మింగుడుపడలేదు, మన ఇళ్ళలో పెద్దవాళ్ళను అలా అనం కదా. ఇలాంటి వ్యాసం రాసినప్పుడు దాని విలువ తెలిసింది.

1865 ఊచకోత గురించి ఎలా రాయాలి?

మెల్లగా, జాగ్రత్తగా. 1865 సెప్టెంబరు 12న అమెరికా సైనికులు ఆ ప్రాంతంలో పాయూట్ ప్రజలను చంపారు. చనిపోయినవాళ్ళు కనీసం 31 మంది అని తెగలు చెబుతాయి. అది థాకర్ పాస్‌లోనే జరిగిందని, ఆ నేల తమకు పవిత్రమని కోర్టులో వాదించాయి. ఊచకోత గని హద్దుల లోపలే జరిగిందని అప్పటికి ఇచ్చిన ఆధారాలు కచ్చితంగా నిరూపించడం లేదని 2021లో కోర్టు అంది.

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి: ఊచకోత జరిగిందా, సరిగ్గా ఎక్కడ జరిగింది. కోర్టు మాట్లాడింది రెండోదాని గురించి. ‘ఊచకోత జరిగినట్టు ఆధారాల్లేవని కోర్టు చెప్పింది’ అని ఒకరు రాస్తే నేనే తీసేశాను. చచ్చిపోయినవాళ్ళ విషయంలో ఒక్క మాట జారినా దాన్ని వెనక్కి తెచ్చుకోలేం.

నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయం ఉంది. నేను రాయొచ్చా?

రాయొచ్చు. అభిప్రాయం లేనివాళ్ళకు ఇంత ఓపిక ఎక్కడిది?

నా సంగతి చెబుతాను. చిత్తూరు వైపు మా ఊరి గుట్ట పక్కన కంకర క్రషర్ ఉంది. ఎండాకాలంలో మా తోటకు వెళితే మామిడాకు పచ్చగా ఉండదు. బొటనవేలితో గట్టిగా రుద్దితే ఆ వేలి మేరకు పచ్చదనం బయటపడుతుంది, చుట్టూ తెల్లగానే ఉంటుంది. పూత మీద ఆ దుమ్ము పడితే పిందె నిలవదని మా నాయన ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఏ ఆఫీసులోనూ ఎవరూ ఆ ఆకు చేతిలోకి తీసుకుని చూడలేదు. ఈ కోపం నాలో ఉంది, ఉంటుంది.

అందుకే మా ఊరి పేజీలో క్రషర్ గురించి నేను ఒక్క అక్షరం మార్చను. వార్త వస్తే దాని వివరాలు ఆ వ్యాసం వెనకాల ఉండే చర్చ పేజీలో పెట్టి, వేరేవాళ్ళను చూడమంటాను. నెవాడా గని మీద మాత్రం రాస్తాను. అక్కడ నాకు పక్షం ఉన్నా పట్టా భూమి లేదు. ఆ రైతు బావుల గురించిన పేరా నేను రాస్తే, గని కావాలనే మా రీసెర్చ్ స్కాలర్ చదువుతాడు. అతను ఉద్గారాల పేరా రాస్తే నేను చదువుతాను. మాకు కుదిరిన పద్ధతి ఇది.

నేను బ్యాటరీ కంపెనీలో పనిచేస్తున్నాను. మరి నేను?

మీ వాడుకరి పేజీలో ఆ మాట రాసుకోండి. డబ్బు తీసుకుని రాస్తుంటే, జీతంలో భాగంగా రాసినా సరే, ఎవరి తరఫున అన్నది చెప్పడం 2014 నుంచి వికీమీడియా వాడుక నియమాల్లోనే ఉంది. మీ కంపెనీకి, దానికి ముడిసరుకు ఇచ్చేవాళ్ళకు సంబంధించిన పేజీల్లో మార్పులు చర్చ పేజీలో సూచించండి, చాలు. సెల్ ఎలా పనిచేస్తుంది, కార్బొనేట్ ఎందుకు, హైడ్రాక్సైడ్ ఎందుకు లాంటివి రాయడానికి మీకంటే తగినవాళ్ళు మాకు దొరకరు.

ఏ మూలాలు పనికొస్తాయి?

కోర్టు తీర్పులు, పర్యావరణ నివేదికలు చదవండి. చదివి అర్థం చేసుకోండి. అయితే తీర్పు మీద సొంత వ్యాఖ్యానం చేయకండి. దాన్ని వివరించిన పత్రికా కథనాన్ని మూలంగా ఇవ్వండి. కంపెనీ వెబ్‌సైటు కంపెనీ ఏమంటోందో చెప్పడానికి పనికొస్తుంది, ఉద్యమం సైటు ఉద్యమం ఏమంటోందో చెప్పడానికి. అంతకు మించి రెంటి మీదా బరువు పెట్టొద్దు. వాట్సాప్ ఫార్వర్డ్, యూట్యూబ్ థంబ్‌నెయిల్ వద్దు.

మన గనుల మీద రాసేటప్పుడు జిల్లా ఎడిషన్ల విలువ మరిచిపోవద్దు. ప్రజాభిప్రాయ సేకరణ సభలో ఎవరేమన్నారో అక్కడే ఉంటుంది, హైదరాబాద్ ఎడిషన్లో ఉండదు. చిక్కేమిటంటే ఈ-పేపర్ లింకులు కొన్నాళ్ళకు పనిచేయవు. పత్రిక పేరు, ఎడిషన్, తేదీ, పేజీ నంబరు అన్నీ రాయండి. లింకును ఆ రోజే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరచండి. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా విడిపోయింది కాబట్టి అంతకు ముందు వార్తల్లో ‘చిత్తూరు జిల్లా’ అని ఉన్న ఊరు ఇప్పుడు తిరుపతి జిల్లాలోనో, అన్నమయ్య జిల్లాలోనో ఉండొచ్చు. సరిచూసుకోండి.

‘ప్రస్తుతం’ అన్న మాట ఎందుకు తీసేస్తున్నారు?

సెర్బియాలోని యాదర్ లిథియం గని సంగతి చూస్తే తెలుస్తుంది. 2022 జనవరిలో ప్రభుత్వం రియో టింటో కంపెనీ ప్రాజెక్టును రద్దు చేసింది. 2024 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ రద్దు చెల్లదంది, ప్రభుత్వం మళ్ళీ పచ్చజెండా ఊపింది. ఆగస్టులో వేలమంది రోడ్డెక్కారు. ఈ మధ్యలో ఏ నెలలో ‘ప్రస్తుతం’ అని రాసినా అది మరుసటి ఏడాదికి తప్పు. ‘2024 ఆగస్టు నాటికి’ అని రాస్తే ఎప్పటికీ తప్పు కాదు.

ఫోటోలు ఎక్కడ దొరుకుతాయి?

అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో తీసిన ఫోటోలకు అక్కడ కాపీరైట్ ఉండదు, బీఎల్‌ఎం తీసినవి వికీ ఫోటోలు దాచే కామన్స్ సైట్‌లో వెతకండి. పత్రికల ఫోటోలు, కంపెనీ బ్రోషర్లు వద్దు. గని వ్యాసానికి కంపెనీ ఊహాచిత్రం ఒక్కటే పెడితే అంతా పచ్చగా కనిపిస్తుంది. నేల ఉన్నదున్నట్టు కనిపించే ఫోటో ఒకటైనా ఉండాలి.

నా మార్పును రద్దు చేశారు. ఏం చేయాలి?

వెంటనే తిరిగి పెట్టకండి. ముందు చరిత్ర పేజీలో మార్పు సారాంశం చదవండి. చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది. ఇంగ్లీషు వికీపీడియాలో అయితే 24 గంటల్లో ఒకే పేజీలో మూడుసార్లకు మించి వెనక్కి తిప్పితే నిరోధం పడొచ్చు, అంటే కొన్నాళ్ళు రాయనివ్వరు. తెవికీలో రాసేవాళ్ళం తక్కువ, ఒకరికొకరం తెలిసినవాళ్ళం. ఇక్కడ గొడవ పెరిగితే ఒక మంచి వాడుకరి రాయడమే మానేస్తాడు. చర్చ పేజీకి వెళ్ళండి. అక్కడా తేలకపోతే తెవికీ వాడుకరులంతా మాట్లాడుకునే పేజీ, రచ్చబండ ఉంది.

చర్చలో ఏం రాయాలో తెలియక చాలామంది టెన్షన్ పడతారు. మా అమ్మాయి, ఆ బీఎస్సీ పిల్ల, తన మొదటి చర్చలో రాసింది ఇది, ఆమెను అడిగే ఇక్కడ పెడుతున్నాను:

“నమస్కారమండీ. తెగ ఒప్పందం గురించి నేను చేర్చిన వాక్యం మీరు తొలగించారు. మూలంలో ఒప్పందం ఫోర్ట్ మెక్‌డెర్మిట్ తెగతో అని ఉంది, నేను ‘తెగలతో’ అని బహువచనం రాశాను, అది నా పొరపాటు. ఏకవచనం చేసి, 2022 అక్టోబరు అని చేర్చి తిరిగి పెడితే మీకు అభ్యంతరం ఉందా? రెండు రోజులు చూసి పెడతాను.”

ఆ సాయంత్రమే జవాబు వచ్చింది. “అభ్యంతరం లేదు. నేనూ మూలం పూర్తిగా చదవకుండా తీసేశాను. మీరే పెట్టండి.”